వేటకు రానివాడి కూర చేప

నోటితో చేసిన ప్రమాణమూ, కాయితం మీద చేసిన ప్రమాణమూ దేవుడి దగ్గర ఒకే లెక్కలోకి వస్తాయా అన్న అనుమానం త్రినాథరావుని చాలా ఏళ్ళుగా వదలకుండా పట్టుకుని ఉంది.

అతను పెద్ద చదువులు చదివినవాడు కాదు. పద్మనాభంలో పదో తరగతి గట్టెక్కి, ఐటీఐ చేసి, స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు వేడికి పాతికేళ్ళకు పైగా కాగి, రిటైరయ్యాక గోపాలపట్నంలో ఇల్లు కట్టుకున్నాడు. డాబా మీదకి వెళ్తే సింహాచలం కొండ కనిపిస్తుందన్న ఒక్క కారణానికే ఆ జాగా కొన్నాడు. తెల్లారగట్ల స్నానం చేసి, కొండ వైపు తిరిగి అప్పన్నకి దణ్ణం పెట్టుకోనిదే కాఫీ ముట్టడు. శనివారాలు ఇంట్లో నీచు వండరు.

చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పొలం గట్టు తగాదా వస్తే పెద్దలు ఇద్దరినీ కొండకి తీసుకెళ్ళేవారు. తడిబట్టలతో నిలబెట్టి, కర్పూరం వెలిగించి, ఆ వెలుగు మీద చెయ్యి పెట్టి చెప్పమనేవారు. అబద్ధమాడినవాడు మెట్ల దగ్గరే కాళ్ళు పీకుతున్నాయని కూలబడిపోయేవాడు. గట్టు ఎవరిదో తేలిపోయేది. అదే మనిషి కోర్టుకెళ్తే మాత్రం బోనెక్కి, అంతా నిజమే చెబుతానని గడగడా అనేసి, చెప్పదలచుకున్న అబద్ధం చెప్పేసి, బయటికొచ్చి టీ తాగేవాడు. కాళ్ళు పీకడమన్నది లేదు. మరి కొండ మీద ఉన్న దేవుడు కోర్టులో ఉండడా? ఉండీ ఊరుకుంటాడా? ఒకసారి కొండ మీద పూజారిని అడిగాడు. "అంతటా ఉంటాడు నాయనా" అన్నాడాయన. కాకపోతే ప్రసాదం పొట్లం కడుతూ, తలెత్తకుండా అన్నాడు. బావమరిది గుణశేఖర్‌ని అడిగితే అతను పకపకా నవ్వాడు.

"అఫిడవిట్టంటే కాయితం బావా. కాయితానికి కళ్ళు పోవు."

గుణశేఖర్ లాయరు. త్రినాథరావు భార్య వెంకటరమణమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. కోర్టు దేవాలయమని అతను ఏ సభలో మైకు ఇచ్చినా చెప్పేవాడు. ఆ దేవాలయంలో తను పూజారి, క్లయింట్లు మెట్ల మీద నిలబడి ఎదురు చూడాల్సినవాళ్ళు. వాళ్ళు ఏదైనా అడగబోతే "నువ్వు మాటాడకూడదు, నీ లాయరు మాటాడతాడు" అనేవాడు. కేసు ఎంతవరకొచ్చిందంటే "వాయిదా పడింది" అనేవాడు. ఎందుకు పడిందంటే దేవాలయంలో ప్రశ్నలు వెయ్యకూడదన్నట్టు చూసేవాడు. అతనికి వాదించడం కన్నా సన్మానం చేయించుకోవడం బాగా వచ్చు. ఇంట్లో శాలువాలకి ఒక బీరువా ఉంది. ఆ బీరువా సైజులో సగం కూడా లేదు లా పుస్తకాల అలమర.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం పొద్దున్న గుణశేఖర్ ఆ బీరువాలోంచి ఒక శాలువా పట్టుకుని అక్కగారింటికి వచ్చాడు.

"ఏట్రా తమ్ముడూ, ఎండాకాలంలో శాలువా తెచ్చినావు?" అంది వెంకటరమణమ్మ.

"బావకి కప్పుదారని."

"ఉక్కకి సచ్చిపోతన్నాం. కప్పాలనుంటే ఫ్రిజ్జుకి కప్పు. అదొక్కటే సల్లగున్నాది."

గుణశేఖర్ నవ్వలేదు. అక్కడే త్రినాథరావుకి ఏదో తేడా తగిలింది. అక్క మాటకి నవ్వకుండా ఆ మనిషి ఉండడు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాఫీ గ్లాసు అటూ ఇటూ తిప్పి, చివరికి చెప్పాడు.

"నా మీద రెండేళ్ళ కిందట కంప్లైంటు పడింది బావా. లాయర్ల మీద ఫిర్యాదులు సూసే కమిటీ ఉంటాది కదా, ఆలు ఇప్పుడు నన్ను పిలిసినారు. సంజాయిషీ సెప్పుకోవాలంట. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో నాను అందర్నీ అడిగినోడినే గాని, ఎవుల చేతా అడిగించుకున్నోడిని కాను."

"ఎవులిచ్చినార్రా కంప్లైంటు?"

"ఆ సేపలావిడక్కా. పోతమ్మ."

త్రినాథరావు తాగబోయిన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

పోతమ్మ గుణశేఖర్ దగ్గరకి వచ్చింది త్రినాథరావు చేతి మీదుగానే. కొన్నేళ్ళ కిందటి మాట. ఆషాఢ పున్నమికి కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేసే జనంతో పాటు నడుస్తూ, అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానానికి దిగాడు. ఒడ్డున పెట్టిన సంచీ వానకి తడిసి ముద్దయిపోయింది. తడి పంచెతో వణుకుతూ నిలబడితే, పక్కనున్న జాలరి పల్లెలోంచి ఒకావిడ గళ్ళ లుంగీ తెచ్చి చేతిలో పెట్టింది. అది ఆమె మొగుడు నూకాలుది. "కట్టుకుని ఎల్లు బాబూ, మళ్ళీ ఏడు తెచ్చీదువు గాని" అంది. నూకాలు వల కుట్టుకుంటూ తల మాత్రం ఊపాడు.

మరుసటేడు లుంగీ పట్టుకెళ్ళడం మర్చిపోయాడు. పైయేడు గుర్తొచ్చింది గాని, ఎవరిదో తెలియక వెంకటరమణమ్మ దాన్ని చింపి పొయ్యి గట్టు తుడిచే గుడ్డలు చేసేసింది. ఆ ఏడు వట్టి చేతులతోనే వెళ్ళి పోతమ్మ దగ్గర ఆగాడు. లుంగీ సంగతి ఆమె ఎత్తలేదు. పల్లెవాళ్ళు తరతరాలుగా వలలు ఆరబెట్టుకునే జాగాకి ఒక రిసార్టువాళ్ళు కంచె వేస్తున్నారని చెప్పుకొచ్చింది. లుంగీ ఇవ్వలేకపోయిన త్రినాథరావు లాయర్నిచ్చాడు. మా బావమరిది ఉన్నాడు, పెద్ద లాయరు, వెళ్ళమన్నాడు. బాకీ కన్నా ఎక్కువే తీర్చేశానని ఆ రోజు మనసులో ముచ్చటపడ్డాడు కూడా.

కేసు పోతమ్మ పేరు మీద పడింది. సాక్ష్యం రోజు "నువ్వు రానక్కర్లేదు, నానున్నాను" అని గుణశేఖర్ చెప్పాడు. ఆమె రాలేదు. అతనూ వెళ్ళలేదు. కోర్టులో పిలిచినప్పుడు పలికేవాళ్ళు లేక కేసు కొట్టేశారు. ఆ సంగతి అతను ఆమెతో అనలేదు. ఎప్పుడడిగినా వాయిదా అన్నాడు. చివరికి దసరా వెళ్ళాక ఒక రోజు జాగా చుట్టూ గోడ లేచింది. అడ్డం వెళ్ళిన ఆడవాళ్ళకి పోలీసులు కాయితం చూపించి, మీ కేసు వేసవిలోనే పోయిందని చెప్పారు. డిగ్రీ చదువుతున్న పోతమ్మ కూతురు ఆశ కంప్లైంటు రాసింది. పోతమ్మ వేలిముద్ర వెయ్యకుండా, నేర్చుకుని మరీ సంతకం పెట్టింది.

ఆ గోడ లేచినప్పటినించీ త్రినాథరావు గిరి ప్రదక్షిణలో అప్పుఘర్ దగ్గరకొచ్చేసరికి రోడ్డు అవతలి పక్కకి మారిపోతున్నాడు. దేవుడి చుట్టూ తిరుగుతూ మనిషిని తప్పించుకుంటే ఆ ప్రదక్షిణ చెల్లుతుందా అన్నది అతని రెండో అనుమానం.

"అయితే ఎల్లి సెప్పు గుణా, ఆ రోజు ఏటయిందో" అన్నాడిప్పుడు.

"సెప్పడమేటి బావా. సెప్పాలంటే ముందు అడిగే హక్కు ఆలకుండాల కదా. హైకోర్టులో రిట్టు ఏత్తన్నాను. ఆ కమిటీ విచారణే సెల్లదని ఆర్డరు తెచ్చుకుంటాను."

త్రినాథరావు కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. "అంటే, నాను తప్పు సేయనేదు అని సెప్పడానికి కాదు. నన్ను అడగొద్దు అని సెప్పడానికి ఎల్తన్నావు."

"నీకు లా తెలీదు బావా."

"తెలీకే అడుగుతన్నాను."

గుణశేఖర్ శాలువా తీసి బావ ఒళ్ళో పెట్టాడు. "నీతో ఒక్క సంతకం పనుంది. ఆ రోజు నాను జొరంతో మీ ఇంట్లో పడున్నానని ఒక అఫిడవిట్టు. అంతే."

"ఆ రోజు నువ్వు మా ఇంటికి రానేదు కదా."

"వచ్చినానని నువ్వంటే వచ్చినట్టే."

"ఆ రోజు నువ్వు ద్వారకా నగర్‌లో ఏదో కోచింగ్ సెంటరుకి రిబ్బను కత్తిరించినావురా" అంది వెంకటరమణమ్మ. "ఫొటో మాకు పంపినావు. నాను పువ్వు బొమ్మ కూడా ఎట్టినాను."

"ఆ ఫొటో తీసీ అక్కా."

"పువ్వు కూడా తీసీమంటావేటి?"

గుణశేఖర్ లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "గౌను పీకీగలరు అక్కా. ఏటనుకుంటన్నావో. అది పోతే నాను రోడ్డు మీద నిలబడాల."

అతను వెళ్ళిపోయాక వెంకటరమణమ్మ చాలాసేపు వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప మరేమీ వినిపించనివ్వలేదు. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అంది.

"నిన్ను అబద్ధం ఆడమని నాననను. నువ్వు ఆడకపోతే ఆడికేటవుతాదో, అదీ నాను సూడనేను. తోడుగా ఎల్లు. అక్కడికెల్లాక అప్పన్న ఎలగ నడిపిత్తే అలగే."

త్రినాథరావు అన్నం కలుపుకుంటూ విన్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని ఏదీ గట్టిగా అడిగింది లేదు. ఇదీ గట్టిగా అడగలేదు. అందుకే బరువుగా ఉంది.

రైలెక్కి విజయవాడలో దిగి, కారులో అమరావతి వెళ్ళారు. దారి పొడుగునా గుణశేఖర్ తన రిట్టు గొప్పతనం చెబుతూనే ఉన్నాడు. ముఖ్యంగా ఒక పేరా. అది అతను సొంతంగా చెప్పి రాయించింది.

"ఆ పోతమ్మ కేసు పోయాక కూడా మా ఇంటికి వారం వారం సేపలు తెచ్చిచ్చింది బావా. దసరా దాకా. కోపమున్నోలు సేపలెందుకు తెత్తారు? నా సర్వీసు నచ్చినాదనే కదా? తరవాత ఎవులో ఎగదోసి కంప్లైంటు ఎట్టించినారు. అదే పాయింటు. కోర్టులో సేప పేరా సదివితే జడ్జి కింద పడాల."

"తెచ్చింది నిజమేనా?"

"నిజమే. చందువాలు, కోనాములు. శనివారం తెత్తే పక్కింటోలకి ఇచ్చీవోలం."

హైకోర్టు వరండాలో గుణశేఖర్ తరఫు లాయరు కృష్ణంరాజు వాళ్ళని బెంచీ మీద కూర్చోమని లోపలికి వెళ్ళాడు. గుణశేఖర్‌కి బెంచీ అలవాటు లేదు. ఈసారి అతను వాదించడానికి రాలేదు కాబట్టి నల్లకోటు లేదు, గౌను లేదు. తెల్లచొక్కాతో, చంకలో కాయితాల సంచీతో, అటూ ఇటూ పోయే ప్రతి నల్లకోటు వంకా ఆశగా చూస్తూ కూర్చున్నాడు. పక్కన ఒక ముసలాయన, "మీది భూమి కేసా బాబూ?" అని అడిగాడు. గుణశేఖర్ సంచీ ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "వాయిదా పడుద్దిలెండి, కంగారు పడకండి" అని ఆ ముసలాయన అతన్ని ఓదార్చాడు.

కాసేపటికి కృష్ణంరాజు అఫిడవిట్టు తెచ్చి త్రినాథరావుకిచ్చి, వరండా చివర కూర్చుని అఫిడవిట్లకి సాక్షి సంతకాలు పెట్టే ఒక కుర్ర లాయరు ఎదుట సంతకం పెట్టమన్నాడు. ఆ కుర్రాడి ముందు కాయితాల దొంతర. ఒక్కోటి తీసి కింద గిలికి పక్కన పడేస్తున్నాడు. త్రినాథరావు కాయితం కూడా అలాగే గిలికి, పెన్ను అతని చేతికిచ్చాడు.

"నాది అయిపోయిందండీ. మీది మిగిలింది."

త్రినాథరావు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. "బాబూ, ఇందులో ప్రమాణం ఉంటాదంట కదా. అదెప్పుడు సేయించుతారు?"

"చేయించేశానండి. అచ్చులోనే ఉంది చూడండి. నా ఎదుట ప్రమాణం చేశాడని."

"నాను ఇంకా నోరిప్పనేదు కదా."

కుర్ర లాయరు మొదటిసారి తలెత్తాడు. త్రినాథరావు మొహంలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతున్నాడు. పైగా అప్పటికే చెప్పులు విడిచి, సింహాచలం కొండ ఏ దిక్కునుంటుందో చూసుకుని, అటు తిరిగి నిలబడ్డాడు.

"కోపం సేయకు బాబూ. ఇది ఇంగ్లీసులో ఉంది. తెలుగులో సదివి వినిపించినాక ఒప్పుకున్నాడని ఆఖర్న రాసుంటాదని మా బావమరిదే సెప్పినాడు. ఆ సదివేదేదో సదువు. వింటాను."

వెనకాల వరస కట్టినవాళ్ళు దగ్గరకి జరిగారు. గుణశేఖర్ "బావా, టైమవుతంది" అన్నాడు. కుర్ర లాయరుకి తప్పలేదు. అతను అన్ని వందల కాయితాల మీద చదివి వినిపించానని సంతకం పెట్టాడు గాని, చదవడం అతనికి అదే మొదలని ఆ చదువు తీరే చెప్పింది. ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ తెలుగులోకి తెస్తున్నాడు. పలానా త్రినాథరావు అనే నేను దైవసాక్షిగా చెప్పేదేమంటే. పలానా తేదీన నా బావమరిది తీవ్రమైన జ్వరంతో మా ఇంట్లో మంచం మీద ఉన్నాడు. లేచి నడవలేని స్థితిలో ఉన్నాడు. నా భార్య వెంకటరమణమ్మ జావ కాచి తాగించింది.

"ఆగు బాబూ" అన్నాడు త్రినాథరావు. గుణశేఖర్ వైపు తిరిగాడు. "జావ ఎవులు కాసినారు గుణా?"

"అది మామూలుగా రాసీదే బావా. జొరమన్నాక జావుండాల కదా."

"మీ అక్క ఇక్కడ నేదు. అది ఇంట్లో దీపం ఎట్టుకుని కూకుంది. దాని చేత నువ్వు జావ కాయించినావు."

"ఏటి బావా, గోరంత దానికి..."

"నా ఒక్కడి మీద రాసుంటే ఏటి సేసీవోడినో నాకే తెలీదు. నాను అంత గట్టోడిని కాను. దాన్ని లాగినావు, అది నాకు కుదరదు." పెన్ను కుర్ర లాయరు చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు. "ఏటీ అనుకోకు బాబూ. నువ్వు ఎట్టిన సంతకం కొట్టీ."

గుణశేఖర్ మొహం కందగడ్డయింది. తిట్టడానికి నోరు తెరిచేసరికి కృష్ణంరాజు గౌను సర్దుకుంటూ వచ్చాడు. సంగతి విని భుజాలు ఎగరేశాడు. "పోన్లెండి. మనకి చేప పేరా ఉంది కదా" అన్నాడు.

కోర్టు హాల్లో వెనక వరసలో కూర్చున్నారు. జడ్జి నడివయసు ఆడమనిషి. కళ్ళజోడు ముక్కు మీదకి జారుతుంటే పైకి తోసుకుంటూ కాయితాలు తిప్పుతోంది. కృష్ణంరాజు ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. త్రినాథరావుకి అందులో ఏమీ అందలేదు. కొంతసేపటికి జడ్జి ఒక పేజీ దగ్గర ఆగి ఏదో అడిగింది. అందులో ఒక్క మాట తెలిసింది, ఫిష్. హాల్లో ఎవరో దగ్గు ఆపుకున్నారు.

గుణశేఖర్ ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆ పాయింటు నేను..."

డవాలా బంట్రోతు వచ్చి అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "సార్, కూర్చోండి. మీరు మాట్లాడకూడదు. మీ లాయరు మాట్లాడతాడు."

గుణశేఖర్ కూర్చున్నాడు. త్రినాథరావు అతని మొహం వైపు చూడకుండా ఎదర ఉన్న జాతీయ చిహ్నం వైపు చూశాడు.

జడ్జి తెలుగులోకి దిగింది. "పోతమ్మ కేసు కొట్టేసిందెప్పుడు?"

"వేసవి సెలవుల ముందండి" అన్నాడు కృష్ణంరాజు.

"ఈవిడ చేపలు ఇచ్చింది ఎప్పటిదాకా అన్నారు?"

"దసరా దాకా మేడమ్. దీన్నిబట్టి ఆమెకి మా పిటిషనర్ మీద ఎలాంటి అసంతృప్తీ లేదని స్పష్టమవుతోంది."

"కేసు పోయిందని ఆవిడకి ఏ రోజున చెప్పారు?"

కృష్ణంరాజు కాయితాలు తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. వెనక్కి తిరిగి గుణశేఖర్‌ని చూశాడు. గుణశేఖర్ పైన తిరిగే ఫ్యాను చూస్తున్నాడు.

"ఇందులో... ఆ వివరం లేదు మేడమ్."

"చెప్పి ఉంటే ఉండేది కదండీ. చచ్చిపోయిన కేసుకి ఆవిడ చేత ఆరునెలలు చేపలు మోయించి, అది తనకి సర్టిఫికెట్టని రాసి, మీరే ఇక్కడికి తెచ్చారు. కమిటీకి ఇంతకన్నా ఏం కావాలి?" కళ్ళజోడు తీసి కాయితాల మీద పెట్టింది. "వాళ్ళింకా ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెళ్ళి జవాబు చెప్పుకోమనండి. వాళ్ళు ఇచ్చే తీర్పు నచ్చకపోతే, అప్పీలుకి చట్టంలో దారి ఉంది. ఈ దశలో ఈ కోర్టు కలగజేసుకోదు."

తరవాతి కేసు పిలిచారు. అంతే. గుణశేఖర్ ఏళ్ళ తరబడి జనాన్ని కోర్టుల చుట్టూ తిప్పితే, ఇక్కడ అతని పని టీ చల్లారేంత సేపట్లో అయిపోయింది.

వరండాలో కృష్ణంరాజు గౌను మడత పెట్టుకుంటూ, "ఆ చేప పేరా వద్దని నేను అప్పుడే అన్నానండి, మీరే పట్టుబట్టారు" అన్నాడు. అతను అలా అనలేదు. కాని క్లయింటుతో ఆ మాట ఎప్పుడు అనాలో అతనికి తెలుసు. గుణశేఖర్ కూడా తన క్లయింట్లతో అలాగే అంటాడు.

గుణశేఖర్ విసవిసా కారు దాకా నడిచాడు. కారెక్కాక బావ మీద పడ్డాడు. "నువ్వు సంతకం ఎట్టుంటే సేపల దాకా వచ్చేది కాదు."

"నువ్వు ఆ రోజు కోర్టుకెల్లుంటే ఇక్కడి దాకా వచ్చేది కాదు."

"అప్పన్న, అప్పన్న అంటావు. సొంతోడిని ముంచీసినావు. అదేనా భక్తి?"

త్రినాథరావు కారు అద్దం దించుకున్నాడు. అదీ నిజమేనేమో, సొంతవాడిని ముంచడమూ పాపమేనేమో. కిటికీలోంచి అరటి తోటలు వెనక్కి పోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక వెంకటరమణమ్మకి దాచకుండా అంతా చెప్పాడు. ఆవిడ జావ దగ్గర ఆపింది.

"నాను జావ కాసినానని రాసినాడా?"

"రాసినాడు."

"చిన్నప్పుడు ఆడికి నిజంగా జొరమొత్తే కాసినాను. ఒక్క గుక్క తాగనేదు, ఉప్పు తక్కువయిందని పారబోసినాడు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తమ్ముడి కోసమో, పారబోసిన జావ కోసమో చెప్పలేం. తరవాత లోపలికెళ్ళి ఆ శాలువా మడత పెట్టి సంచీలో వేసింది. "ఇది ఆడికి పంపీ. కమిటీకి ఎల్లినప్పుడు కప్పుకుంటాడు."

మర్నాడు త్రినాథరావు గోపాలపట్నం బజారుకెళ్ళి ఒక గళ్ళ లుంగీ కొన్నాడు. బస్సెక్కి అప్పుఘర్‌లో దిగాడు.

పల్లె పక్కన గోడ పొడుగ్గా, కొత్త రంగుతో మెరుస్తోంది. వలలు ఆరబెట్టే జాగా దాని వెనకుంది. జాలర్లు ఇప్పుడు వలల్ని బీచి రోడ్డు పిట్టగోడ మీద ఆరేస్తున్నారు. వాటి పక్కన నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్ళు ముక్కులు మూసుకుంటున్నారు. గోడ నీడలో నూకాలు కాలి బొటనవేలికి వల తగిలించుకుని కుడుతున్నాడు. పోతమ్మ ఖాళీ తట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

"ఏటి బాబూ, ఈ పక్కకొచ్చినావు?" అంది అతన్ని చూసి. "కొండ పెదచ్చినానికొత్తే నువ్వు రోడ్డుకి ఆ పక్కనించి పోతావు కదా."

త్రినాథరావుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "సూసీదానివా?"

"ఏటేటా సూత్తన్నాను. తల వంచుకుని పోతావు. మా ఆయన అంటాడు, ఆ బాబుకి మన లుంగీ గుర్తొచ్చినట్టుంది, పరిగెడతన్నాడు అని."

నూకాలు తలెత్తకుండానే భుజాలు కదిలించి నవ్వాడు.

"హైకోర్టులో మా బావమరిది కాయితం కొట్టీసినారు" అన్నాడు త్రినాథరావు.

"ఆశ ఫోన్లో సూసి సెప్పినాది. కమిటీ కాడికి పిలుత్తారంట. ఎల్తాను. నాను సెప్పాల్సింది నాను సెప్తాను. ఆడు సెప్పుకోవాల్సింది ఆడు సెప్పుకుంటాడు. గోడ పడిపోతాదని కాదు గాని."

"నువ్వు సేపలిచ్చినావు కాబట్టి నీకు కోపం నేదని రాసినాడు."

పోతమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. కాసేపు మొగుడి వైపు, కాసేపు సముద్రం వైపు చూసింది. "అలగ రాసినాడా" అంది. గొంతు పెంచలేదు. "మాలో ఒక పద్దతి బాబూ. పడవ మీద ఏటకొచ్చినోలకి, ఆ రోజు వల నిండినా నిండకపోయినా, ఇంటికెల్లేటప్పుడు కూరకని సేప ఎట్టి పంపాల. అది కూలి కాదు, లంచమూ కాదు. మాతో నీటి మీదకొచ్చినాడు కదా అని. నా కేసు మీద కోర్టుకెల్తన్నాడు కదా, మా పడవెక్కినోడే కదా అనుకున్నాను. వాయిదా అన్న వారమల్లా ఏరి మంచివి ఇచ్చినాను. ఇంట్లో పిల్లలకి నలిగిపోయిన ముక్కలుంచి." చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంది. "ఏటకి రానోడికి కూర సేప ఎట్టినాను. ఆడు తిన్నాడు. ఒడ్డున కూకుని తిన్నాడు. ఆ ముక్క కూడా కమిటీలో సెప్తాను."

"సెప్పు" అన్నాడు త్రినాథరావు. వచ్చినప్పటినించీ నోట్లో ఆడుతున్న మాట అప్పుడడిగాడు. "పోతమ్మా, కాయితం మీద ఆనబెట్టినా అప్పన్న వింటాడంటావా?"

"నువ్వెట్టినావేటి?"

"నేదు."

"మరి నీకేటి గొడవ? ఎట్టినోలు అడగాల ఆ మాట."

అది జవాబో కాదో అతనికి తేలలేదు. ఇంటికెళ్ళి ఆలోచించుకోవచ్చనుకుని, సంచీలోంచి లుంగీ తీసి నూకాలు ముందు పెట్టాడు. "నీ లుంగీని మా ఆవిడ తెలీక పేలికలు సేసీసింది అన్నా. ఇది కొత్తది. ఆలస్యమయింది."

నూకాలు బొటనవేలి నించి వల విప్పాడు. చేతులు తుడుచుకుని లుంగీ మడత విప్పి, ఎండకెత్తి పట్టి గళ్ళు చూశాడు. "నాది నీలం గళ్ళు" అన్నాడు.

"ఇదీ నీలమే, కళ్ళు పోనాయేటి నీకు" అంది పోతమ్మ.

నూకాలు లేచి నిలబడి, కట్టుకున్న పాతదాని మీదనే కొత్తది చుట్టి, నడుం దగ్గర ముడేసి, లోపలి నించి పాతది లాగి భుజాన వేసుకున్నాడు. రెండడుగులు అటు వేసి ఇటు వచ్చి, మళ్ళీ గోడ నీడలో కూర్చుని వల బొటనవేలికి తగిలించుకున్నాడు.

"ముట్టింది బాబూ" అన్నాడు.